నాలుగో నంబరు పెట్టె

మా బావ లెక్క ప్రకారం ఫోటోలు చెడిపోవడానికి ఒకటే కారణం. కాగితం తయారుచేసే కంపెనీవాళ్ళు వెండి తినేస్తున్నారు. ఫోటో కాగితానికి వెండి పూత ఉంటుందని, వెలుతురు తగిలిన చోట అది నల్లబడుతుందని, ఆ నలుపులోంచే మన మొహాలు పుట్టుకొస్తాయని ఆయన మా అక్కని చేసుకున్న కొత్తలోనే నాకు చెప్పాడు. ఏం చదువుతున్నావని అడుగుతాడేమోనని నేను జవాబు తయారుచేసుకుని కూర్చుంటే, బొమ్మ చెరగకుండా నిలిపే హైపో మందులో కాగితాన్ని ఎంతసేపు ఉంచాలో చెప్పి పంపించాడు. ఆ చదువు ఎలాగూ నాకు అబ్బలేదు కాబట్టి చివరికి ఆయన స్టూడియో కౌంటర్ దగ్గరే తేలాను. బంధుత్వానికి బావమరిదిని, హోదాకి గుమాస్తాని.

స్టూడియో అంటే వరసగా మూడు గదులు. ముందు గదిలో నేనూ, ఒక గాజుబల్లా. మధ్య గదిలో ఒక స్టూలూ, దాని వెనక బూడిదరంగు తెరా. చివరిది డార్క్‌రూమ్. ఒకప్పుడు అది స్నానాలగది. కిటికీకి నల్లకాగితం అంటించి, తొట్టి మీద చెక్కలు పరిచి, చెక్కల మీద ట్రేలు పేర్చి బావ దాన్ని తన సామ్రాజ్యం చేసుకున్నాడు. లోపల ఎర్రబల్బు వెలుగుతుంటే ఎవరూ తలుపు తీయకూడదు. లోపల ఉండే అనుమతి ఒక్క మా అక్కకే, అదీ ఫోటోలు కడగడానికి, ఆరబెట్టడానికి, ఆరాక వాటి మీద పడ్డ దుమ్ముచుక్కల్ని సన్న కుంచెతో పూడ్చడానికి. చాకిరీకి అనుమతి ఉంది, అభిప్రాయానికి లేదు.

ఈ కథకి కావలసిన విద్య కొంచెమే, అదేదో ముందే చెప్పేస్తాను. కాగితం పెట్టెల మీద నంబర్లుంటాయి. రెండో నంబరు మామూలు కాగితం, నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న బూడిదరంగులన్నిటికీ అందులో చోటుంటుంది. నాలుగో నంబరు గట్టి కాగితం, దానికి మధ్యవర్తులంటే గిట్టదు. అయితే నలుపు, లేదంటే తెలుపు. వెలిసిపోయినట్టున్న నెగెటివ్ వస్తే దానికి మందులాగా నాలుగో నంబరు వాడతారు. అదే మందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పోస్తే ఏమవుతుందో, మామూలు మొహాన్ని నాలుగో నంబరు మీద అచ్చేస్తే అదే అవుతుంది.

ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది గానీ, ఆ రోజుల్లో మా బావ పనిలో దిట్ట. నెగెటివ్‌ని బల్బుకి ఎదురుగా ఎత్తి, ఎడమ కన్ను మూసి, ‘రెండు’ అనేవాడు. లేకపోతే ‘మూడు’ అనేవాడు. ఇంక దానికి తిరుగులేదు. మిగతా స్టూడియోల్లో ముందు ఒక చిన్న ముక్క మీద అచ్చేసి, చూసుకుని, తర్వాత అసలు కాగితం తీస్తారు. బావ దృష్టిలో అలా పరీక్ష చేసుకోవడమంటే పెళ్ళయిన ఏడాదికి పెళ్ళాం పేరు కనుక్కోవడం. మరీ నల్లబడబోయే బుగ్గకి అరచేయి అడ్డం పెట్టేవాడు, వెలిసిపోయే నుదుటి మీదికి అట్టముక్క చిల్లులోంచి ఇంకాస్త వెలుతురు వదిలేవాడు. ఆయన చేతిలోంచి వచ్చిన ఫోటోల్లో ముసలివాళ్ళు ముసలివాళ్ళుగానే ఉండేవాళ్ళు. కాకపోతే వాళ్ళ పక్కన కాసేపు కూర్చుని మాట్లాడాలనిపించేది.

కలర్ వచ్చింది, ఫోన్లు వచ్చాయి, మా వీధిలో స్టూడియోలన్నీ మూతబడ్డాయి. మాది మాత్రం మూతబడలేదు, ఎందుకంటే ఆ వార్త మా బావ చెవిన పడలేదు. ఆయన లోపల ఎర్రబల్బు కింద ఉండగానే లోకం ఒక చుట్టు తిరిగొచ్చి, నలుపు తెలుపు ఫోటోలంటే మళ్ళీ మోజు పడింది. చేత్తో అచ్చేసే మనిషి ఇంకా బతికే ఉన్నాడని తెలిసి జనం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్ళు వెండి తినడం మొదలుపెట్టారు.

మొదట రెండో నంబరులో దమ్ము లేదన్నాడు. మూడో నంబరుకి మారాడు. కొన్నాళ్ళకి మూడులోనూ దమ్ము పోయిందని నాలుగుకి ఎక్కాడు. ఎక్కి అక్కడే కాపురం పెట్టాడు. ఒక లాయరుగారు వాళ్ళమ్మ ఫోటో పట్టుకుని వెనక్కి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. మా అమ్మకి మీసాలు లేవండీ అని నెమ్మదిగా విన్నవించుకున్నాడు. నిజంగానే ఆ పెద్దావిడ పైపెదవి మీది నీడ గట్టి నలుపు తేలి, ఆవిడ రిటైరైన హవల్దారులా ఉంది. బావ ఫోటో అటూ ఇటూ తిప్పి చూసి, నెగెటివ్‌లో ఉన్నదే వస్తుంది, లేనిది నేనెక్కడి నుంచి తెస్తానన్నాడు. వాదించి బతికే మనిషి, పాపం, వాదించకుండానే వెళ్ళిపోయాడు. ఇంకో కొత్త జంట ఫోటోలో పెళ్ళికొడుకు కోటూ, జుట్టూ, వెనకున్న తెరా అన్నీ ఒకే నలుపులో కలిసిపోయాయి. ఆ అమ్మాయి గాల్లో తేలుతున్న ఒక మొహాన్ని పెళ్ళాడినట్టు వచ్చింది. వాళ్ళూ మళ్ళీ రాలేదు.

నేను ఒకసారి ధైర్యం చేసి, ఫోటో కాస్త గట్టిగా వచ్చిందేమో అన్నాను. బావ నాతో మాట్లాడటం మానేశాడు. రెండు అడుగుల దూరంలో నిలబడి, మా అక్క ద్వారా నన్ను టీ తెమ్మనేవాడు. ఆ తర్వాత నాకూ ఆ ఫోటోలు బాగానే కనిపించాయి.

అక్క నాలాంటిది కాదు. ఇన్నేళ్ళుగా ఒక్కొక్క మొహాన్నీ ముక్కుకి ఆనించుకుని కుంచెతో చుక్కలు పూడ్చిన మనిషి, ఏ బూడిదరంగు ఎక్కడ ఉండాలో ఆమెకి తెలియకుండా ఎలా ఉంటుంది? కాగితంలో వెండి బాగానే ఉందని, తేడా వచ్చింది ఆయన కంటిలోనని ఆమె ముందే కనిపెట్టింది. కళ్ళు చూపించుకోమని రెండు మూడుసార్లు అంది. నా కన్ను నాకు తెలియదా అని ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఆమె ఇంక అనలేదు. మా అక్క ఏదైనా అనడం మానేసిందంటే భయపడాల్సిందేనని చిన్నప్పుడు ఆమె చేత తన్నులు తిన్న నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం బావ నిద్రపోతుండగా డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు వెలుగుతోంది. తలుపు కొట్టి అడిగితే, కాగితాలు నల్లసంచిలోనే ఉన్నాయి, వెలుతురు తగలదు, లోపలికి రా అంది అక్క. వెళ్ళి చూస్తే రెండో నంబరు పెట్టెలో ఉన్న నల్లసంచిని నాలుగో నంబరు పెట్టెలోకి, నాలుగులోది రెండులోకి మారుస్తోంది. కాగితాన్ని చూసి నంబరు చెప్పడం ఎవరి తరమూ కాదు. అన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి, నంబరు ఉండేది పెట్టె మీదే. నేను నోరు తెరిచేలోగా, నువ్వేం చూడలేదు పో అంది. చిన్నప్పటి నుంచీ ఆమె చెప్పిన మాట వినడం నాకు అలవాటు, కాబట్టి చూడలేదు.

ఇక ఆ రోజు నుంచి మా బావ నాలుగో నంబరు పెట్టె తీసి, రెండో నంబరు కాగితం మీద, నాలుగో నంబరు మనిషిలా పనిచేశాడు. ఫోటోలు మళ్ళీ మనుషుల్లా రావడం మొదలైంది. ఆయనకి మాత్రం అవి మబ్బు పట్టిన పగటిలా కనిపించేవి. చివరికి నాలుగులో కూడా తిన్నారురా అని ట్రే ఊపుతూ కంపెనీవాళ్ళ వంశవృక్షాన్ని పైనుంచి కిందిదాకా తడిమేవాడు. కస్టమర్లు వచ్చి ఫోటోలు ఎంత బాగున్నాయోనని పొగిడితే మొదట అనుమానంగా చూసేవాడు, తర్వాత అర్థం చేసుకున్నాడు. ఇంత చెత్త కాగితంలోంచి ఇంత పిండుకోగలిగిన మొనగాడు తనొక్కడే అని. లాయరుగారు కూడా తిరిగొచ్చి వాళ్ళమ్మ ఫోటో మళ్ళీ అచ్చేయించుకున్నాడు. మీసాలు పోయాయి. చూశావా, మనిషికి ఓపిక ఉండాలి అన్నాడు బావ నాతో, ఓపిక పట్టింది తనే అయినట్టు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఫోటోగ్రాఫర్ల సంఘంవాళ్ళు ఆయన పనితనం విని ఉపన్యాసానికి పిలిచారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, ఈ కాలంలో నాలుగో నంబరు తప్ప గతి లేదని, తన ఫోటోలన్నీ దాని మీద వేసినవేనని నమూనాలు చూపించి మరీ చెప్పాడు. కుర్రాళ్ళందరూ చప్పట్లు కొట్టి, వెళ్ళి నాలుగో నంబరు కొనుక్కున్నారు. వాళ్ళ అసలైన నాలుగో నంబరు పెట్టెల్లోంచి ఆ తర్వాత ఎంతమంది తల్లులకి మీసాలు మొలిచాయో నాకు తెలియదు. అక్క ఆ సభలో చివరి వరసలో కూర్చుని అన్నిటికీ తల ఊపింది.

ఎట్టకేలకి ఆయన్ని డాక్టరు దగ్గరికి చేర్చింది ఒక బొమ్మ. టైలరు షాపు ముందు కోటు తొడిగి నిలబెట్టిన బొమ్మకి నమస్కారం పెట్టి, అది తిరిగి పెట్టకపోతే, ఈ ఊరివాళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయని ఇంటికొచ్చి అరిచాడు. ఎవరికి పెట్టాడో నేను వెళ్ళి చూసొచ్చి చెప్పాను. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు అక్క రిక్షా పిలిస్తే మారుమాట్లాడకుండా ఎక్కాడు.

డాక్టరు దీపం వేసి చూసి, రెండు కళ్ళలోనూ శుక్లం ఉందని, కుడికన్నులో మరీ ముదిరి పసుపు తిరిగిందని, ఇన్నాళ్ళూ మీరు టీ మరకల గాజుగ్లాసులోంచి లోకాన్ని చూస్తున్నారని చెప్పాడు. బావ నమ్మలేదు. అవన్నీ సరే గానీ, గోడ మీద ఆ సముద్రం ఫోటో వేసినవాడెవడో వాడికి వెండి తక్కువ కాగితం అంటగట్టారు, బొత్తిగా దమ్ము లేదన్నాడు. అది కలర్ ఫోటో అండీ, నీలం సముద్రం అన్నాడు డాక్టరు. బావ మళ్ళీ గోడ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. తర్వాత ఆపరేషన్ ఎప్పుడన్నాడు. ఆ గొంతు విని నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది. ఎగతాళి చేయడానికి కూడా బుద్ధి పుట్టలేదు.

ముందు కుడికంటికి చేశారు. కట్టు విప్పిన రోజు బావ తలతిప్పి మా అక్కని చాలాసేపు చూశాడు.

“నీకింత తెల్లజుట్టు ఎప్పుడొచ్చింది?”

“మీరు చూడనప్పుడు” అంది అక్క.

కొన్ని వారాలు వంగకూడదు, మందుల ఘాటు తగలకూడదు, డార్క్‌రూమ్ మొహం చూడకూడదు అని డాక్టరు చెప్పాడు. బావ బుద్ధిమంతుడిలా తల ఊపాడు. అక్క డార్క్‌రూమ్‌కి తాళం వేసి, తాళంచెవి దాచేసింది. ఈ గడువులో సంచుల్ని నెమ్మదిగా దేని పెట్టెలోకి దాన్ని పంపించేస్తే, ఆయన వచ్చేసరికి అన్నీ సర్దుకుంటాయని ఆమె ఆలోచన. మంచి ఆలోచనే. అవతల ఉన్నది మా బావ అన్న సంగతి ఒక్కటే అందులో కలుపుకోలేదు. కంటిచుక్కల మందు కోసం ఆమె అటు మందులషాపుకి వెళ్ళగానే, ఆయన నన్ను సిగరెట్లు తెమ్మని పంపి, స్క్రూడ్రైవర్‌తో గడియ విప్పదీసి లోపల దూరాడు. ఆయన సిగరెట్ తాగడని నాకు సగం దారిలో గుర్తొచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి డార్క్‌రూమ్ తలుపు తెరిచే ఉంది, తెల్లబల్బు వెలుగుతోంది. బావ లోపల నిలబడి ఉన్నాడు. ఎదురుగా ట్రేలో తడి ఫోటో. కొత్త కంటితో మొదటి ఫోటో ఎవరిది వేయాలా అని ఆలోచించి, పెళ్ళయిన కొత్తలో తను తీసిన మా అక్క నెగెటివ్ వెతికి పట్టుకున్నాడట. కిటికీ పక్కన నిలబడి, జడ ముందుకు వేసుకుని, ఏదో చెప్పబోయి ఆగిన మొహం. చక్కటి నెగెటివ్, కన్ను మూసుకుని రెండో నంబరు అని చెప్పొచ్చు. ఆయన చెప్పాడు, రెండో నంబరు పెట్టె తీశాడు. ఆ పెట్టెలో ఏముందో మీకు తెలుసు. అక్క మొహం సున్నం కొట్టిన గోడలా వచ్చింది, కళ్ళు ఆ గోడకి పెట్టిన రెండు కన్నాల్లా ఉన్నాయి.

ఇంకొకడైతే మూడో నంబరు ప్రయత్నించేవాడు. నాలుగైనా తీసి చూసేవాడు. కనీసం నన్ను పిలిచి, నీకెలా కనిపిస్తోందిరా అని అడిగేవాడు. మా బావకి అలాంటి చిల్లర అలవాట్లు లేవు. తీర్పు ఇచ్చేశాడు.

“డాక్టరు నా కంట్లో నాలుగో నంబరు పెట్టాడు. మీ అక్క మొహం కూడా నాకు సరిగ్గా కనిపించడం లేదు. ఇంక ఈ పని నా వల్ల కాదు” అన్నాడు.

అరవలేదు, డాక్టరుని తిట్టలేదు. అదే నన్ను భయపెట్టింది. కొంతకాలంగా మా ఎన్లార్జర్ మీద ఒక దీపాలకొట్టువాడు కన్నేశాడు. నెగెటివ్‌ని కాగితం మీదికి పెద్దది చేసి వేసే ఆ యంత్రానికి గొడుగు తొడిగితే, కాఫీహోటళ్ళ మూలల్లో అలంకారానికి మంచి దీపస్తంభం అవుతుందట. వాడిని చూడగానే కర్ర పట్టుకునే బావ, ఇప్పుడు తనే వాడికి ఫోన్ చేసి సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. రెండో కంటికి ఆపరేషన్ వద్దన్నాడు. ఉన్న ఆ ఒక్కటైనా నాకు మిగలనీ అని, శుక్లం పట్టిన కన్నుని చేత్తో మూసి పట్టుకుని, మధ్యగదిలో తెర ముందు స్టూలు మీద కూర్చున్నాడు, ఫోటో తీయించుకోవడానికి వచ్చినవాడిలాగా.

అక్క రాగానే నేను వీధిలోనే ఆపి అంతా చెప్పాను. నాకొచ్చిన ఉపాయం కూడా చెప్పాను. ఇప్పుడే వెళ్ళి సంచులు మార్చేసెయ్, కన్ను కుదురుకోవడానికి పదిరోజులు పడుతుందన్నారని చెప్పు, తర్వాత మళ్ళీ వేసి చూసుకుంటాడు, ఎవరికీ ఏమీ తెలియదు, పరువు దక్కుతుంది. అక్క మందుసీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

“కన్ను బాగాలేనప్పుడు బాగున్నట్టు నమ్మించాను. ఇప్పుడు బాగున్న కన్నుని బాగాలేదని ఎలా నమ్మించనురా?” అంది.

లోపలికి వెళ్ళింది. నేను కౌంటర్ దగ్గరే ఉండిపోయాను, చెవులు మాత్రం మధ్యగదిలో ఉన్నాయి. ఆమె ఏ ఉపోద్ఘాతం లేకుండా చెప్పేసింది. మీ కన్ను బాగుంది, కాగితం నేను మార్చాను, ఇవాళ మార్చింది కాదు, లాయరుగారి అమ్మకి మీసాలొచ్చినప్పటి నుంచీ మారుస్తూనే ఉన్నాను అంది. తర్వాత అలమరా తెరిచిన చప్పుడు. రెండు కట్టలు తెచ్చి ఆయన ముందు పెట్టింది, పెట్టెలు మార్చకముందు ఆయన వేసిన ఫోటోల కట్ట, మార్చాక వేసిన కట్ట. ఏది ఏదో మీరే చూసుకోండి అంది.

చాలాసేపు ఫోటోలు తిప్పుతున్న చప్పుడే వినిపించింది. గాల్లో తేలే పెళ్ళికొడుకుని కూడా చూసి ఉంటాడు. ఇన్నేళ్ళ తన పనిని మంచి కంటితో మొదటిసారి చూస్తున్న మనిషి మొహం ఎలా ఉంటుందో చూడాలని నాకు అనిపించలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ మనిషి ఒక్కసారైనా ఓడిపోతే చూడాలని కోరుకున్నవాణ్ణి, తీరా ఆ రోజు వస్తే గాజుబల్ల తుడుస్తూ కూర్చున్నాను.

“అయితే ఈ మంచివన్నీ నువ్వు వేసినవా?” అన్నాడు బావ.

“వేసింది మీరే. పెట్టె నేను మార్చాను, అంతే.”

“సంఘంలో అందరి ముందూ నాలుగో నంబరని చెప్పానే?”

“చెప్పారు.”

“నువ్వు తల ఊపావు.”

“ఊపాను.”

ఆ తర్వాత ఆయన గొంతు లేచింది. తనని వెర్రివాణ్ణి చేశావని, పొగిడినవాళ్ళందరి ముందూ నిలబెట్టి నవ్వుకున్నావని అన్నాడు. అక్క ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. నవ్వుకోలేదు అని మాత్రం అంది. ఆమె ఏడుస్తోందని నాకు ఇవతలికి తెలిసింది. ఆయనకి ఎదురుగా, ఆ కొత్త కంటికి, ఇంకా బాగా తెలిసి ఉంటుంది. బావ మాట మధ్యలో ఆగిపోయింది.

స్టూలు జరిగింది. రెండు జతల అడుగులు డార్క్‌రూమ్‌లోకి వెళ్ళాయి. తలుపు మూసుకుంది. కంటికి తగలకూడని ఘాటు గురించి, డాక్టరు గడువు గురించి నేను తలుపు దగ్గరికి వెళ్ళి గుర్తు చేయబోయాను. లోపల అప్పటికే ఎర్రబల్బు వేశారు. ఇంక తలుపు తీస్తే కాగితం పాడైపోతుంది, కాబట్టి అక్కడే నిలబడ్డాను.

సంచులు సర్దుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత బావ గొంతు, చాలా మెల్లగా. ఏ నంబరు అని అడుగుతున్నాడు. రెండు అంది అక్క. మూడైతే జడ నలుపు బాగా పలుకుతుందేమో అన్నాడు. వేసి చూడండి అంది ఆమె. ట్రేలో నీళ్ళు అటూ ఇటూ ఊగాయి, ఆగాయి, మళ్ళీ ఊగాయి. తర్వాత తడికాగితం చిరిగిన చప్పుడు. మా బావ తను అచ్చేసిన ఫోటోని తనే చించడం నేనెరిగి అదే మొదలు.

సరే, రెండే ఇవ్వు అన్నాడు.

దీపాలకొట్టువాడు మనిషిని వెంటబెట్టుకుని, తాడు కూడా తెచ్చుకుని వచ్చాడు. ఎన్లార్జర్ ఎక్కడన్నాడు. లోపల పనిలో ఉంది అన్నాను. ఫోన్ చేసి రమ్మన్నారు కదండీ అని వాడు గొణిగాడు. ఫోన్ చేసినాయనకి అప్పుడు కళ్ళు కనిపించలేదు, ఇప్పుడు కనిపిస్తున్నాయి, వెళ్ళిరండి అన్నాను. వాడికి అర్థం కాలేదు, నాకూ వివరించే ఓపిక లేదు. తాడు మాత్రం మర్చిపోయి వెళ్ళాడు.

తలుపు తెరుచుకునేసరికి ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. అందులో ఎంత వాటా హైపోదో చెప్పలేను. బావ ఫోటోని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని బయటికి తెచ్చాడు. చివర్ల నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. కిటికీ పక్కన మా అక్క. బుగ్గ మీద వెలుతురు, ఆ వెలుతురు చివర మెత్తటి నీడ, ఆ నీడలో జడ, జడలో ఒక్కొక్క పాయా విడివిడిగా. ఏం చెప్పబోయి ఆగిందో ఇంకాసేపు చూస్తే తెలిసిపోయేలా ఉంది.

బావ దాన్ని నా ముందు గాజుబల్ల మీద పరిచాడు. గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూడకుండా, ఎలా ఉందిరా అని అడిగాడు.

బాగుంది అనబోయాను.

“ఇప్పుడే చెప్పకు” అన్నాడు బావ. “తడిమీద అన్నీ బాగానే ఉంటాయి. ఆరనీ, అప్పుడు చూసి ఉన్నదున్నట్టు చెప్పు.”

అని, ఫోటో ఆరేదాకా కౌంటర్ దగ్గర, నా పక్కనే కూర్చున్నాడు.